మీ ఊరి చరిత్రను సేకరించి, దాచి, పంచుకోవడం ఎలా?

ఊరి చరిత్ర రాసుకోవడం మనకు కొత్త పనేమీ కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సర్వే పని మీద దక్షిణాదిలో తిరుగుతున్నప్పుడు ఏలూరుకు చెందిన కావలి సోదరులు ఆయన దగ్గర పనిచేశారు. ఊరూరా మనుషుల్ని పంపి, కరణాల ఇళ్లలో ఉన్న దండకవిలెలు (ఊరి లెక్కలు, సంగతులు రాసిన పాత పుస్తకాలు) చూసి, పెద్దవాళ్లు చెప్పింది విని రాయించారు. 1803లో బొర్రయ్య చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని ముందుకు నడిపాడు. అలా పోగైనవే కైఫీయత్తులు. తర్వాత ఆ కాగితాలు పాడవుతుంటే సి.పి.బ్రౌన్ చాలావాటికి నకళ్లు రాయించాడు. కడప జిల్లా కైఫీయత్తులను ఈ కాలంలో అక్కడి బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది.

మీది కోస్తా ఊరో, సీమ ఊరో అయితే దాని కైఫీయత్తు ఉందేమో మొదట వెతకండి. దొరికితే అదృష్టమే. అయితే చదువుతుంటే ఒక లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చెరువు ఎవరు తవ్వించారో, గుడికి మాన్యం ఎవరిచ్చారో, ఏ ఏడు కరువొచ్చి ఊరు పాడుపడిందో ఉంటుంది. మట్టి మోసినవాళ్లెవరో ఉండదు. ఆడవాళ్ల మాట దాదాపు వినబడదు. మాలవాడ, మాదిగవాడ, చాకలి వీధి ఊరి పొలిమేర వివరాల్లోనే కలిసిపోతాయి. ఈ రోజు మీరు రాయబోయే చరిత్ర ఆ లోటు పూడ్చాలి. రాజుల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. మీ ఊరి నీరుగంటి (చెరువు నీళ్లు పొలాలకు పంచే మనిషి) పేరు మీరు రాయకపోతే ఇంకెవరూ రాయరు.

ముందు హద్దు గీసుకోండి

ఊరంతా, ఆది నుంచీ, ఒకేసారి అనుకుంటే పని కదలదు. ఒక చెరువు, ఒక జాతర, ఒక వీధి, ఒక వృత్తి, లేదా ఒక బడి తీసుకోండి. అది పూర్తయ్యేసరికి మిగతా ఊరు దానంతటదే తగులుతుంది.

ఒక్కరే చేయకండి. ముగ్గురుంటే సరిపోతుంది. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి, ఒకరు ఫోను చూసుకోవాలి. ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే ఇళ్లలో ఆడవాళ్లు నోరు విప్పరు, మొగవాళ్లు చెప్పిందే చరిత్ర అయిపోతుంది. ముగ్గురూ ఒకే వీధివాళ్లు కాకుండా చూసుకోండి. ఊళ్లో ఏ గడపలో ఎవరిని ముందు పలకరించాలో, ఎవరి ఇంట్లో కూర్చుంటే ఇంకెవరు చెప్పడం మానేస్తారో మీకు తెలుసు. బయటినుంచి వచ్చే పరిశోధకుడికి లేని బలం అదే.

రాళ్ల కంటే ముందు మనుషులు

చాలామంది గుడి దగ్గర, శాసనం దగ్గర మొదలుపెడతారు. నేను గట్టిగా చెప్పేది: మనుషుల దగ్గర మొదలుపెట్టండి. వెయ్యేళ్లు నిలిచిన రాయి ఇంకో ఏడాది ఆగుతుంది. తొంభై ఏళ్ల మనిషి ఆగకపోవచ్చు.

ఎనభై దాటినవాళ్ల జాబితా రాయండి. వయసులో పెద్దవాళ్లతో, అందులోనూ ఆరోగ్యం బాగాలేనివాళ్లతో మొదలుపెట్టండి. ఊరి పెద్దలుగా పేరున్నవాళ్లు ఎలాగూ గుర్తొస్తారు. గుర్తురానివాళ్లను పనిగట్టుకుని చేర్చుకోవాలి: మంత్రసాని, నీరుగంటి, కాటికాపరి, కుమ్మరి, కల్లుగీసినాయన, బుర్రకథ దళంలో వంత పాడినాయన, పాత పోస్ట్‌మాన్, బడిలో నీళ్లు పట్టిన ఆయమ్మ. పక్క ఊరినుంచి కోడలిగా వచ్చినవాళ్లను అస్సలు వదలొద్దు. పుట్టిపెరిగినవాళ్లకు మామూలుగా అనిపించే సంగతులు వాళ్లకు వింతగా తోచి ఉంటాయి కాబట్టి బాగా గుర్తుంటాయి.

ఊరు వదిలివెళ్లినవాళ్లూ ఊరివాళ్లే. కరీంనగర్ వైపు నుంచి భివండికి, షోలాపూర్‌కు వెళ్లిన చేనేత కుటుంబాలు, పాలమూరు నుంచి వలసపోయిన కూలీలు, గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు... వీళ్లలో చాలామంది దగ్గర ఊరి పాత ఫోటోలుంటాయి, ఉత్తరాలుంటాయి. ఊరు వదిలిన రోజు ఎలా ఉందో అలాగే వాళ్ల మనసులో నిలిచి ఉంటుంది. వీడియో కాల్‌లో ఒక గంట మాట్లాడించండి.

మాట్లాడించే ముందు ఎందుకు అడుగుతున్నారో, ఆ మాటలు ఎక్కడెక్కడికి వెళ్తాయో తేటగా చెప్పండి. ఒప్పుకుంటేనే రికార్డు చేయండి. ఆ ఒప్పుకోలు కూడా రికార్డులో ఉండాలి. మధ్యలో "ఇది మటుకు రాయొద్దు" అంటే రాయకండి. ఆ ఒక్క మాట నిలబెట్టుకుంటే మిగతా వీధంతా మీకు తలుపు తీస్తుంది.

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపించి, ఫోనును వాళ్లకు దగ్గరగా మెత్తటి గుడ్డ మీద పెట్టండి. మొదట మీరే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు చెప్పి మొదలుపెట్టండి. గంట దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు. ఆపేసి మళ్లీ వెళ్లండి. రెండోసారి వెళ్లినప్పుడే అసలు సంగతులు వస్తాయి. మధ్య రోజుల్లో వాళ్లు రాత్రిళ్లు గుర్తు చేసుకుంటూ ఉంటారు.

ఏ ఏడు జరిగిందని సూటిగా అడిగితే జవాబు రాదు. సీమలో ఒక ముసలామె దగ్గర కూర్చుంటే సంభాషణ ఇలా నడుస్తుంది:

"అవ్వా, ఈ బావి ఎప్పుడు తవ్వినారు?"

"ఏమో నాయనా, శానా దినాలాయ."

"అప్పటికి మీ పెద్దకొడుకు నడుస్తాండెనా?"

"యాడ నడిసేది, సంకలో ఉండె. వాన్ని గట్టు మింద కూసోబెట్టి మన్ను మోసినా."

ఇప్పుడు ఆ పెద్దకొడుకు వయసు తెలిస్తే బావి వయసు తెలిసినట్టే. ఇక్కడొక జాగ్రత్త. ఆ తరంవాళ్ల పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు చాలాసార్లు హెడ్మాస్టరు అంచనాగా వేసిందే. జూన్ 1, జూలై 1 అని ఉంటే అనుమానించండి. అదే ఈడు పిల్లలున్న పక్కింటివాళ్లను కూడా అడిగి సరిచూసుకోండి.

అందుకే అడగడానికి వెళ్లే ముందే మీ ప్రాంతానికి సరిపడే గుర్తుల పట్టిక ఒకటి తయారు చేసుకోండి. దివిసీమలో 1977 నవంబర్ 19 ఉప్పెన. గోదావరి పక్కన 1986 ఆగస్టు వరద. కోనసీమలో 1996 నవంబర్ తుపాను. కర్నూలులో 2009 అక్టోబర్ వరద. తెలంగాణలో 1948 సెప్టెంబర్ పోలీసు చర్య, 1969 ఉద్యమం. కోస్తాలో 1972-73 జై ఆంధ్ర. అన్ని చోట్లా తొలి ఎన్నికలు, ఊరికి కరెంటు వచ్చిన ఏడు, మొదటి బస్సు. "బస్సు రాకముందా, వచ్చినాకనా?" అనే ప్రశ్నకు జవాబు చెప్పలేని ముసలివాళ్లు అరుదు.

తాతముత్తాతల నాటి సంగతులు సంవత్సరాల పేర్లతో వస్తాయి. ధాత కరువు అంటే 1876 నాటిది, నందన కరువు అంటే 1832-33 నాటిది. పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది కాబట్టి ఏ ధాత, ఏ నందన అన్నది మనుషుల తరాలు లెక్కేసి తేల్చుకోవాలి.

కథ చెప్పేవాళ్లు వచ్చినప్పుడు

కొన్ని చరిత్రలు మీ ఊళ్లో ఉండవు, ఏడాదికో రెండేళ్లకో ఊళ్లోకి నడిచి వస్తాయి. రెడ్లకు, కమ్మవారికి గోత్రాలు చెప్పే పిచ్చుకుంట్లవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, పద్మశాలీలకు పటం పరచి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లు, గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్లు. ఎవరి మిరాశీ (వంశపారంపర్య హక్కు ఉన్న) ఊళ్లు వాళ్లకుంటాయి. ఏ ఇంటివాళ్లు ఎక్కడినుంచి వలసొచ్చారో, ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్లు పాటలో చెప్పేస్తారు.

వాళ్లు వచ్చేది ఎప్పుడో కనుక్కుని కాచుకుని ఉండండి. కథ మొత్తం రికార్డు చేయండి, ముక్కలు వద్దు. పటం ఉంటే ఒక్కో గడి విడివిడిగా, పగటి వెలుగులో ఫోటో తీయండి. వాళ్లకివ్వాల్సిన సంభావన గౌరవంగా ఇవ్వండి. యూట్యూబ్‌లో పెట్టాలంటే వాళ్లను అడిగి, వాళ్ల పేరు, ఊరు, బృందం పేరు ముందు వేసి పెట్టండి. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, బతుకమ్మ పాటలు పాడిన ఆడవాళ్ల విషయంలోనూ అంతే. పాడినామె పేరు లేకుండా "జానపదం" అని ఒక్క ముక్క రాసి వదిలేయడం చూస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది. ఆ పాట ఒక మనిషి గొంతులో బతికింది, ఆమె పేరు ఉండి తీరాలి.

చెరువు చుట్టూ ఒక పూట నడవండి

మీ ఊళ్లో చెరువుంటే సగం చరిత్ర అక్కడే ఉంది. తెలంగాణలో నీరటి అంటారు, సీమలో నీరుగంటి అంటారు. ఆ పని చేసిన కుటుంబంలో ఎవరినైనా వెంటబెట్టుకుని పొద్దున్నే కట్ట ఎక్కండి.

నడుస్తూ అడగండి. వాగు ఎటునుంచి వస్తుంది, వరవ (చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ) ఎక్కడ పూడింది. తూములెన్ని, ఒక్కో తూము పేరేంటి, ఏ తూము కింద ఎవరి మళ్లు. అలుగు, మీ వైపు మత్తడి అంటే మత్తడి, చివరిసారి ఎప్పుడు దుమికింది. కట్ట తెగిన ఏడు ఏది, ఎవరు పూడ్చారు. నీళ్లు తక్కువైన ఏడు వంతులు ఎలా వేశారు, ఎవరి పొలం చివర్న తడిసేది. కట్టమైసమ్మకు మొదటి బోనం ఏ ఇంటిది. ఈ చివరి రెండు ప్రశ్నల్లో ఊరి అధికారం అంతా బయటపడుతుంది.

పొలాల పేర్లు కూడా రాసుకోండి. సర్వే నంబర్లు వచ్చాక మర్రిమాను చేను, దొరువు చెక్క, సాలోళ్ల మడి లాంటి పేర్లు నోళ్లలోంచి జారిపోతున్నాయి. ఊరి సర్వే పటం తీసుకుని ప్రతి నంబరు మీద ఆ పొలం పేరు పెన్సిల్‌తో రాయించండి. ఇప్పుడు సాలెవాళ్లు ఒక్కరూ లేని ఊళ్లో సాలోళ్ల మడి ఉందంటే అక్కడొక వలస కథ ఉంది, వెతకాలి.

నడుస్తూ చెప్పించుకున్నది కూర్చోబెట్టి చెప్పించుకున్నదానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. చింతచెట్టు కనబడితే చింతచెట్టు కింద జరిగిన పంచాయితీ గుర్తొస్తుంది. కాబట్టి రికార్డరు ఆపకండి. దారిలో ఆగిన ప్రతిచోటా ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకోండి.

శ్రీశైలం, శ్రీరాంసాగర్, మల్లన్నసాగర్ లాంటి ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్లవాళ్లకు ఈ నడక కుదరదు. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు గానీ వీధులను అలా తేలేం కదా. అలాంటి ఊరివాళ్లను నలుగురైదుగురిని ఒకచోట కూర్చోబెట్టి, నేల మీద పెద్ద కాగితం పరచి ఊరి పటం గీయించండి. ఒకరు వేసిన వీధిని ఇంకొకరు సరిదిద్దుతారు. రామాలయం ఎటు, రచ్చబండ ఎటు, బొడ్రాయి ఎక్కడ, ఎవరి ఇంటి పక్కన ఎవరు. వేసవిలో నీళ్లు తగ్గి పాత గోడలు బయటపడే చోట్లయితే అప్పుడు వాళ్లతోపాటు వెళ్లి ఆ పటంతో పోల్చి చూడండి.

శాసనాలు, వీరగల్లులు

తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పుకునేది, సుమారు 575 నాటి రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది, కడప జిల్లా కలమళ్ల అనే పల్లెలో చెన్నకేశవాలయ ఆవరణలో బయటపడింది. మీ ఊళ్లో బట్టలుతికే బండ కింద, తూము దగ్గర, గుడి మెట్ల కింద ఏముందో తెలియదు. పైన సూర్యుడు, చంద్రుడు చెక్కి కింద గీతలు గీతలుగా అక్షరాలుంటే అది దానశాసనం కావచ్చు. కత్తి పట్టిన మనిషి బొమ్మ ఉంటే వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి), పక్కన చెయ్యెత్తిన ఆడమనిషి ఉంటే సతిగల్లు (సహగమనం చేసిన ఆమె గుర్తుగా నిలిపిన రాయి) కావచ్చు. చాలా ఊళ్లలో వీటినే పోతురాజని, వీరుడని పసుపు పూసి కొలుస్తారు. ఆ కొలుపు కూడా చరిత్రే, దాన్ని మాన్పించే పని పెట్టుకోకండి.

చేయకూడనివి ముందు చెప్తాను. వైరు బ్రష్‌తో రుద్దొద్దు. యాసిడ్ పోయొద్దు. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతోనో పెయింట్‌తోనో దిద్దొద్దు, ఎందుకంటే మీకు తోచిన అక్షరమే అందరికీ కనబడుతుంది, అసలుది పోతుంది. జీర్ణోద్ధరణ పేరుతో గుడి గోడలకు ఇసుక కొట్టించడం, ఆయిల్ పెయింట్ వేయించడం వల్ల అక్షరాలు శాశ్వతంగా పోతాయి. మీ ఊళ్లో అలాంటి పని తలపెడితే మొదలయ్యే లోపే కమిటీవాళ్లతో మాట్లాడండి. మొదలయ్యాక ఎవరూ వినరు.

ఫోటో తీసే పద్ధతి తేలిక. మంచినీళ్లతో, మెత్తటి బ్రష్‌తో దుమ్ము కడిగి ఆరనివ్వండి. చీకటి పడ్డాక వెళ్లండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అక్షరాలు కనబడవు. టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు పక్కనుంచి వేయండి. ప్రతి గీత లోపలా నీడ పడి, పగలు నున్నగా కనబడిన రాతి మీద అక్షరాలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. టార్చిని ఎడమనుంచి, కుడినుంచి, పైనుంచి మార్చి మార్చి తీయండి. ఒక స్కేలు పక్కన పెట్టి ఇంకొకటి తీయండి. నాలుగు వైపులా చూడండి, శాసనం వెనక్కి కూడా సాగుతుంది. చివరగా రాయి ఉన్న చోటు మొత్తం కనబడేలా పగలు ఒక ఫోటో.

కాగితం అద్ది సిరాతో తీసే ఎస్టాంపేజి నేర్చుకున్నవాళ్లే చేయాలి. మీ ఫోటోలను రాష్ట్ర పురావస్తు శాఖకో, దగ్గరి యూనివర్సిటీ చరిత్ర విభాగానికో, మైసూరులోని కేంద్ర శాసన విభాగానికో పంపండి. అంతకుముందే ఎవరైనా చదివి అచ్చువేశారేమో కూడా చూడాలి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో, 1887 నుంచీ వస్తున్న శాసన వార్షిక నివేదికల్లో ఊళ్ల పేర్లున్నాయి. వాటిలో చాలావరకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మీరే చదవగలిగితే మొదట తేదీ చూడండి. "శకవర్షంబులు" అన్న తర్వాత వచ్చే అంకెకు 78 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. శక 1435 అంటే 1513, కృష్ణదేవరాయల కాలం. పుష్యం, మాఘం, ఫాల్గుణం నెలలైతే 79 కలపాల్సి రావచ్చు. నిజాం ఏలుబడి కాగితాల్లోనూ, రెవెన్యూ కాగితాల్లోనూ ఫసలీ (శిస్తు లెక్కల కోసం వాడిన) సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపండి.

దున్నుతుంటే నాణేలు, రాగిరేకులు, విగ్రహాలు దొరికితే దాచుకోవడం, పంచుకోవడం నేరం. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, కలెక్టరుకు చెప్పాల్సిందే. ఊరి బయట దిక్కులేకుండా ఉన్న విగ్రహాలకు మీరు తీసే ఫోటోయే కాపలా. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధక్షేత్రం మ్యూజియం నుంచి దొంగలెత్తుకుపోయిన సున్నపురాతి శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. అది చందవరానిదే అని చూపే పాత ఫోటో ఉండబట్టి 2016లో తిరిగి వచ్చింది.

కచేరీ కాగితాలు

1984లో కరణం, పటేల్-పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక రికార్డులు మండలాలకు చేరాయి. కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. పాత కరణంగారి ఇంటికి మర్యాదగా వెళ్లి అడగండి, అటక మీద చెక్కపెట్టె ఉండొచ్చు.

ఆంధ్ర ప్రాంతంలో రీసెటిల్మెంట్ రిజిస్టరు (శిస్తు తిరిగి కట్టినప్పటి సర్వే నంబర్ల పట్టిక), పాత అడంగళ్లు (ఏటా సాగు, పంట రాసే లెక్కలు) చూడండి. అందులో పోరంబోకు అని రాసిన చోట్ల చెరువు, శ్మశానం, డొంక అని వివరం ఉంటుంది. ఇప్పుడు ప్లాట్లున్న చోట ఒకప్పుడు కుంట ఉండేదని అక్కడ తేలుతుంది. గుడి, సత్రం, దశబంధ (చెరువు తవ్వించి, బాగుచేసేవాళ్లకు ఇచ్చిన) మాన్యాల సంగతి తెలియాలంటే 1858లో మొదలైన ఇనాం కమిషన్ రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు గని. ఏ మాన్యం ఎవరికి, ఏ పనికి, ఎప్పటినుంచి అని అందులో ఉంటుంది. తెలంగాణలో సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ పొలం ఎవరి చేతిలో ఉందో రాసిన లెక్క), ఇనాములకైతే ముంతఖబ్ (ఇనాం హక్కును ఖరారు చేసిన ఉత్తర్వు). కొన్ని ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టే పెద్దవాళ్లను ఇప్పుడే పట్టుకోండి.

తహసీల్దారు ఆఫీసులో అడిగితే టెన్షన్ పడతారు, భూతగాదా కోసమనుకుంటారు. ఎందుకో ముందే కాగితం మీద రాసివ్వండి. కుదరకపోతే సమాచార హక్కు కింద నకలు అడగండి.

ఇంకో మంచి ఆధారం 1961 జనాభా లెక్కలవాళ్లు జిల్లాలవారీగా వేసిన జాతరలు, తిరునాళ్ల సంపుటాలు. మీ ఊరి తిరునాళ్లు ఏ తిథికి జరిగేది, ఎవరి పూజారితనం అన్నది ఊరి పేరు కింద ఉంటుంది. పాత పత్రికల కోసమైతే వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం దాచిన పత్రికలు చూడటానికి ఎక్కడెక్కడివాళ్లో వస్తారు. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం కూడా అలాంటిదే.

ఇంట్లో ఉన్న ఫోటోలు, తాటాకులు

పాత ఫోటోను లామినేషన్ చేయించకండి. అద్దానికి అంటుకుపోతే లాగకండి, అద్దం మీదనుంచే తీసుకోండి. వెనకవైపు కూడా తీయాలి, స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో రాసిన పేర్లు అక్కడే ఉంటాయి. స్కానరుంటే 600 డీపీఐలో చేయండి. ఎవరెవరున్నారో వెంటనే రాయించండి, ఎడమనుంచి కుడికి. పేర్లు చెప్పే ఆఖరి మనిషి పోయాక పెళ్లి ఫోటోలో అందరూ అనామకులే. ఫోటోను ఎవరింటినుంచీ పట్టుకుపోకండి. అక్కడే తీసుకుని అక్కడే ఇచ్చేయండి.

తాటాకులను నీళ్లతో తుడవొద్దు, జిరాక్స్ మిషను మీద పెట్టొద్దు, బలవంతంగా విప్పొద్దు. పొడి నూలుగుడ్డలో చుట్టి, రెండు చెక్కల మధ్య ఉంచి, తేమ తగలని చోట పెట్టండి. హైదరాబాద్‌లోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయం, తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ ఈ పనిలో ఆరితేరినవి. మీకు అర్థం కాని గ్రంథం జ్యోతిషమో, వైద్యమో, ఊరి లెక్కలో అక్కడివాళ్లు చెప్పగలరు.

పోకుండా దాచడం

ఒక్క ఫోన్‌లో ఉన్నది లేనట్టే. మూడు నకళ్లు ఉండాలి. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి విడి హార్డ్‌డిస్క్‌లో, ఒకటి ఇంకో ఊళ్లో ఉన్నవాళ్ల దగ్గరో గూగుల్ డ్రైవ్‌లోనో. ఫైలు పేరులోనే తేదీ, ఊరు, మనిషి, విషయం రాయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ప్రతి రికార్డింగుకూ ఒక అరపేజీ చీటీ రాసి పెట్టండి: ఎన్నో నిమిషంలో ఏ సంగతి ఉందో. అది లేకపోతే వంద గంటల ఆడియో మీరు కూడా మళ్లీ వినరు.

మాటలు కలవనప్పుడు

ఒకే సంగతిని రెండు వీధులు రెండు రకాలుగా చెప్తాయి. రెండూ రాయండి, ఎవరు చెప్పారో రాయండి. కాగితం ఏం చెబుతుందో పక్కన పెట్టండి. తీర్పు తొందరపడి ఇవ్వకండి. గుడిని ఫలానా రాజు కట్టించాడని అందరూ అంటున్నా ఆధారం కనబడకపోతే "అంటారు" అనే రాయాలి. ఊరి గొప్ప పెంచడానికి వందేళ్లు వెనక్కి జరిపిన చరిత్ర, నిజంగా ఉన్న చరిత్రను కూడా అనుమానం పాలు చేస్తుంది.

గాయాలున్న కాలాలుంటాయి. రజాకార్ల రోజులు, సాయుధ పోరాటం, వెట్టి, రెండు గ్లాసులు (హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టడం), బావి దగ్గర జరిగిన కొట్లాట, ఎన్నికల హత్యలు. ఆ కుటుంబాలవాళ్లు ఇప్పటికీ ఎదురుబొదురు ఇళ్లలో ఉంటారు. వీటిని వదిలేయమని నేను చెప్పను. వెట్టి మాట లేని ఊరి చరిత్ర సగం ఊరిదే. అయితే బతికున్నవాళ్ల పేర్లు వాళ్ల ఒప్పుకోలు లేకుండా రాయొద్దు. కొన్ని రికార్డింగులను ఇన్నేళ్లదాకా తెరవకూడదని చీటీ రాసి భద్రపరచొచ్చు. చెప్పినవాళ్లకు ఆ మాట ఇచ్చి చూడండి, అప్పుడు ధైర్యంగా చెప్తారు.

ఊరికి తిరిగి ఇవ్వడం

అచ్చుకు ముందు ఊళ్లో చదివి వినిపించండి. ఒక్క రచ్చబండ దగ్గరే కాదు, ప్రతి వాడలోనూ. చదువు రానివాళ్లు చెప్పిందే కదా సగం పుస్తకం, వాళ్లు విని ఔననాలి. తప్పులు అక్కడే దొరుకుతాయి, కొత్త సంగతులూ అక్కడే వస్తాయి.

వంద పేజీల లోపు చిన్న పుస్తకం చాలు. పెద్దక్షరాలు, ఎక్కువ ఫోటోలు, చివర్లో చెప్పినవాళ్లందరి పేర్లు. ఒప్పుకున్నవాళ్ల గొంతులకు క్యూఆర్ కోడ్ పెడితే ఫోన్‌లో వినొచ్చు. ఊరి గ్రంథాలయానికి, బడికి, జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి తలా ఒక కాపీ పంపండి. పీడీఎఫ్‌ను ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఎక్కించండి. మీరు తీసిన ఫోటోలను వికీమీడియా కామన్స్‌లో పెడితే తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీకి అవి పనికొస్తాయి. వికీపీడియాలో మాత్రం అచ్చయిన ఆధారం ఉన్న సంగతులే రాయనిస్తారు. అవ్వ చెప్పిన మాట నేరుగా అక్కడికి ఎక్కదు. ముందు పుస్తకం వేయమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

తిరునాళ్ల రోజు బయటూళ్లనుంచి అందరూ వస్తారు. ఆ రోజు బడి గోడలకు పాత ఫోటోలు పెద్దవి చేసి అతికించండి. ఒక్కోదాని కింద పెన్ను కట్టి, ఖాళీ కాగితం వేలాడదీయండి. "ఈ ఫోటోలో మీకు తెలిసినవాళ్లెవరు?" అని రాసి ఉంచండి. సాయంత్రానికి ఆ కాగితాలు నిండుతాయి. పిల్లలకు కూడా పని ఇవ్వండి: ఒక్కొక్కరు తమ ఇంట్లో పెద్దవాళ్లను ఒకే ప్రశ్న అడిగి రాసుకురావాలి, "నీ చిన్నప్పుడు బడికి ఎలా వెళ్లేదానివి?" అని. ఆ పేజీలు కుట్టి బడిలోనే ఉంచండి.

పుస్తకం వచ్చాక పంచాయతీ ఆఫీసులోనో గ్రంథాలయంలోనో ఒక రిజిస్టరు పెట్టండి. తప్పు కనబడినవాళ్లు, కొత్త ఫోటో దొరికినవాళ్లు అందులో పేరు, ఫోన్ నంబరు, సంగతి రాస్తారు. నెలకోసారి చూసి, వాళ్లింటికి వెళ్లి కలవండి. రెండో ముద్రణకు ముందు మొదటి ముద్రణ కాపీ ఒకటి తీసుకుని, ఆ సవరణలన్నీ ఎర్రసిరాతో పేజీ అంచుల్లో ఎక్కించి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే రాసి ప్రెస్‌కు ఇవ్వండి.